పొదిగిన ఊరు

“లేవకుండ్రి! ఒక్కలు గూడ లేవకుండ్రి! లేస్తే గుడ్డు సల్లబడ్తది!”

ఈ కేక డాక్టర్ గుండేటి ఓదెలుది. ఆ గొంతు మామూలు గొంతు కాదు. ఒకప్పుడు ఆయన ఇవతలి ఒడ్డున దగ్గితే గోదావరి అవతల మేస్తున్న మేకలు తలెత్తి చూసేవని నల్లబాయిలో చెప్పుకుంటారు. అలా చెప్పుకునేవాళ్లలో మొదటివాడు ఓదెలే, అది వేరే సంగతి.

ఆయన కేకకు మూడు వేల మంది ఎక్కడివాళ్లు అక్కడే కూలబడ్డారు. లేవబోయిన ముసలాయన సగం లేచి సగంలోనే ఆగిపోయాడు. చంటిపిల్లను ఎత్తుకుని నడవబోయిన తల్లి అడుగు వెనక్కి తీసుకుంది. ఊపిరికి ఊపిరి తగిలేంత దగ్గరగా, మోకాలికి మోకాలు ఆనుకుని, అయిదంతస్తుల ఎత్తున్న ఒక కాంక్రీటు గుడ్డు చుట్టూ ఊరు ఊరంతా కూర్చుని ఉంది. కోడిపెట్ట గుడ్డు మీద కూర్చోవడం అందరూ చూసిందే. ఊరే గుడ్డును పొదగడం మాత్రం ఈ భూమి మీద అదే మొదటిసారి.

అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు పైన కాసే ఎండ సంగతి తెలియాలి.

ఆ రోజుల్లో ఎండాకాలమంటే నీడలోనే యాభై ఆరు డిగ్రీలు. ఎగిరిన కాకి దిగేసరికి వేపుడయ్యేది. సూర్యుడే తన ఎండకు తాళలేక మబ్బు ముక్క కోసం వెతుక్కునేవాడు. మనుషులు మాత్రం ఎంతకని వెతుక్కుంటారు? గోదావరి ఒడ్డున బొగ్గంతా తవ్వి వదిలేసిన పాత గని ఒకటుంటే అందులోకి దిగిపోయారు. ఆ ప్రాంతంలో గనిని బాయి అంటారు. ఊరి పేరు అలా నల్లబాయి అయింది. ఎండలు ముదరగానే ఉక్కు తలుపు మూసుకునేది. తొలకరి పడ్డాకే మళ్లీ తెరుచుకునేది. నడుమ కాలమంతా నేల కింద బతుకు. బయట దగ్గరలో ఇల్లు లేదు, నీళ్లు లేవు, చెట్టు లేదు. తలుపు తెరిస్తే ఎండకు చావాలి, తెరవకపోతే ఫ్యాన్లు పంపే గాలితోనే బతకాలి.

ఆ ఫ్యాన్లకు, దీపాలకు, చివరికి తలుపు మోటారుకు కూడా కరెంటు వచ్చేది గుడ్డు నుంచే. అదొక అనేరోబిక్ డైజెస్టర్. ఊళ్లోని మరుగుదొడ్ల బురదంతా అందులోకి పోతుంది. గాలి చొరబడని ఆ చీకట్లో కంటికి కనబడని బాక్టీరియా దాన్ని తిని మీథేన్ గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్‌తో జనరేటర్ తిరుగుతుంది.

ఆ బాక్టీరియా తిండి కూడా పెళ్లి భోజనం లాంటిదే. ముందు బంతిలో కూర్చునేవి బురదను విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. చివరి బంతిలో కూర్చునేవి ఆ ఆమ్లాలను తిని గ్యాస్ చేస్తాయి. ముందు బంతివి మొండిఘటాలు, దేనికీ చావవు. చివరి బంతివి మహా సుకుమారం. వేడి కాస్త అటూ ఇటూ అయితే విస్తరి ముందు నుంచి లేచిపోయే అల్లుళ్ల రకం.

వాటిలోనూ రెండు జాతులున్నాయి. ముప్పై ఏడు డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడి దగ్గర, ఒక జాతి నింపాదిగా పనిచేస్తుంది. యాభై అయిదు దగ్గర మరో జాతి ఆవురావురుమని తింటుంది. అదే బురద నుంచి త్వరగా గ్యాస్ ఇస్తుంది, ఆ వేడికి రోగాల క్రిములు కూడా చస్తాయి. కాని ఈ రెంటికీ నడుమ, నలభై నాలుగు, నలభై అయిదు దగ్గర, ఎవరిదీ కాని పొలిమేర ఒకటుంది. అక్కడ చల్లజాతి వేడికి సొమ్మసిల్లుతుంది, వేడిజాతి చలికి ముడుచుకుంటుంది.

నల్లబాయి గుడ్డు చాలా ఏళ్లు ముప్పై ఏడు దగ్గరే గుట్టుగా కాపురం చేసింది. దాన్ని యాభై అయిదుకు ఎక్కించిన ఘనుడు ఓదెలు. ఆయన మనుషుల డాక్టర్ కాదు, తాను పురుగులనే ఈ బాక్టీరియా మీద చదివి డాక్టరైనవాడు. రోజుకు ఒక్క డిగ్రీ చొప్పున, నిద్రపోయే పిల్లను ఎత్తుకుని మెట్లెక్కినట్టు ఎక్కించాడు. చల్లజాతి పోయింది, వేడిజాతి పెరిగింది, గ్యాస్ రెట్టింపయింది. పదింతలైందని ఓదెలు చెప్పాడు. రెట్టింపు మాత్రం నిజం.

అంతటితో ఆగలేదు. ఇనుపకాళ్ల మీద నిలబడే కాపరి అనే యంత్రాన్ని కట్టాడు. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక నుంచి బయటికి వదులుతుంది కదా, కాపరి చేసే పనీ అదే. ఇళ్ల గాలిలోని వేడిని లాగి గుడ్డులోకి తోస్తుంది. ఇళ్లు చల్లబడతాయి, గుడ్డు వెచ్చబడుతుంది. గుడ్డుకు బాయిలర్ మంట ఎంత పెట్టాలో, ఫ్యాన్లు ఎంత తిరగాలో, తలుపు ఎప్పుడు తెరవాలో కూడా దాని చేతిలోనే పెట్టాడు. ప్రారంభోత్సవం నాడు గుడ్డు మీదికి ఎక్కి నిలబడి ఆయన చేసిన ప్రసంగం ఊళ్లో పసిపిల్లలకు కూడా నోటికొచ్చు.

“గీ కాపరి ఎవ్వల మాట వినది! పెద్దలు జెప్పినా వినది, మంత్రి జెప్పినా వినది. రేపు నేనే వచ్చి కాళ్లు వట్టుకున్నా వినది! రోజుకు ఒక్క డిగ్రీ కంటె ఎక్కువ ఎక్కనియ్యది, దిగనియ్యది. ఎందుకంటరా? పురుగులకు బతిమాలుడు సమజ్ గాదు!”

చప్పట్లకు పైకప్పు నుంచి బొగ్గు రాలింది. ఆ ఊపులో ఓదెలు ఇంకో మాట అన్నాడు. “గిది గుడ్డు గాదు, మన తల్లి!”

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

బాయి దిగే ముందు గని మోరలో, అంటే ముఖద్వారం దగ్గర, మైసమ్మకు మొక్కడం అక్కడ తాతల నాటి అలవాటు. తలుపు మూసే రోజున ఇంటింటి నుంచీ బోనం బయల్దేరుతుంది. కొత్త కుండలో బెల్లమన్నం వండి, కుండకు పసుపు రాసి, వేపకొమ్మ కట్టి, మీద దీపం పెట్టి నెత్తిన ఎత్తుకుంటారు. ఈసారి ఊరిపెద్ద ఎల్లవ్వ వచ్చి ఓదెలు ముందు నిలబడింది. ఆమె ఫ్యాన్ల గదిలో చేసి చేసి తల నెరిసిన మనిషి. కంటికి బెదురు లేదు, నోటికి అదుపు లేదు.

“తల్లి అంటివి గదా డాక్టరూ. మరి తల్లికి బోనం వెట్టొద్దా?”

వద్దని చెప్పాల్సింది. బెల్లమూ అన్నమూ ముందు బంతివాళ్లకు నమలకుండా మింగే తిండి అని ఓదెలుకు తెలుసు. కాని అప్పటికే డప్పులు మోగుతున్నాయి. వందల కళ్లు ఆయన మీదే ఉన్నాయి. ఓదెలు తండ్రి ఊరూరూ తిరిగి ఒగ్గుకథ చెప్పినవాడు. కాళ్లకు గజ్జెలు కట్టి, డోలు దెబ్బకు ఎగిరి, ఒక్కడే రాజూ గుర్రమూ యుద్ధమూ అయ్యేవాడు. ఆ నెత్తురు డోలు వింటే ఊరుకుంటుందా? ఒక్క కుండే కదా అనుకుని, మొదటి బోనం తానే నెత్తిన పెట్టుకుని గుడ్డు మూతిదాకా ఆడుతూ వెళ్లి కుమ్మరించాడు.

డాక్టరే కుమ్మరించాక ఊరు ఆగుతుందా? ఇంటికొక కుండ చొప్పున తల్లి కడుపు నింపారు.

ముందు బంతికి పండగే పండగ. తిన్నకొద్దీ ఆమ్లం చేశాయి. ఆమ్లం మీద ఆమ్లం పేరుకుని చివరి బంతివి ఉక్కిరిబిక్కిరయ్యాయి. గ్యాస్ తగ్గింది. గుడ్డును వేడిచేసే బాయిలర్‌కు తిండి ఆ గ్యాసే. గ్యాస్ లేక బాయిలర్ చల్లారింది, బాయిలర్ చల్లారి గుడ్డు చల్లబడింది, గుడ్డు చల్లబడి గ్యాస్ ఇంకా తగ్గింది. కాపరి పట్టగలిగినంత పట్టి చూసింది. అయినా గుడ్డు జారి జారి నలభై నాలుగు దగ్గర, ఆ పొలిమేరలో చిక్కుకుంది. కిందికి దిగి బతుకుదామంటే చల్లజాతి ఎప్పుడో అంతరించింది. పైకి ఎక్కుదామంటే మంట లేదు.

బయట తలుపు మీద ఎండ మండుతోంది. లోపల ఫ్యాన్ల చప్పుడు మారింది.

“ఏందయ్యా డాక్టరూ, ఫ్యాను గిట్ల మూలుగుతుంది?” అంది ఎల్లవ్వ.

“మూలుగుడు గాదు ఎల్లవ్వా, ఆలోచిస్తుంది.”

“పోనీ తియ్యి. ఆలోచించుడు నీకు లేకపోయినా దానికన్న ఉన్నది.”

దీపాలు సగం ఆర్పేశారు. చివరి గల్లీలో గాలి ఆడడం లేదని అక్కడి వాళ్లను నడిమి గల్లీకి తెచ్చారు. మనుషులు మాటలు తగ్గించారు. మాటకు కూడా గాలి ఖర్చని వాళ్ల భయం. బొగ్గు గోడలు రోజురోజుకూ దగ్గరికి జరుగుతున్నట్టే ఉంది. ఓదెలు మాత్రం కూతురి పక్కన కూర్చుని ఆపకుండా మాట్లాడుతున్నాడు.

కూతురు సారక్కకు నెలలు నిండుతున్నాయి. ఇది రెండో కాన్పు. మొదటిది కూడా తలుపు మూసి ఉన్న కాలంలోనే వచ్చింది. ఎండల్లో పైకి ఆస్పత్రి బండి రాదు, కింద ఆపరేషన్ చేసేవాళ్లు లేరు. బిడ్డ దక్కలేదు. ఆ బిడ్డను బొగ్గు గోడ పక్కనే పాతిపెట్టారు. సారక్క ఆ గోడవైపు చూడదు.

“ఈసారి పైనే గద, బాపు?”

“పైనే బిడ్డా! వానల తడుసుకుంట పుడ్తడు నీ కొడుకు. ఉరుము గూడ వాని ఏడుపుకు దడుసుకుంటది.”

“కొడుకో బిడ్డో, ఉరుమో మెరుపో తర్వాత. తలుపు తీస్తవా తియ్యవా, గది జెప్పు.”

“నా తలుపు అది. నేను ఊఫ్ అంటే తెరుసుకుంటది.”

సారక్క ఆయన ముఖంలోకి చూసింది. తండ్రి గొప్పల్లో ఏది ఎంత నమ్మాలో చిన్నప్పటి నుంచి ఆమెకు తెలుసు. ఈసారి మొత్తం నమ్మాలనిపించింది, నమ్మింది. కాసేపటికి కొంగుతో మెడ తుడుచుకుంటూ, “జర అటు జరుగు బాపు. నీ పక్కన కూసుంటే పొయ్యి పక్కన కూసున్నట్టున్నది,” అంది.

ఓదెలు నోరు మూతపడింది. అది ఊళ్లో ఎవరూ చూడని వింత. తర్వాత ఆయన వేసిన కేకకు నిద్రపోతున్న పిల్లలందరూ ఒక్కసారిగా లేచారు.

“మనిషంటే పొయ్యి! నడిసే పొయ్యి!”

లెక్క చిన్నదే. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి పాతకాలం నూరు వాట్ల బల్బు విడిచేంత వేడి బయటికి వస్తుంది. మూడు వేల మందంటే మూడు వేల బల్బులు. వాళ్లంతా ఇళ్లలో విడివిడిగా ఉంటే ఆ వేడి రాతిగోడలు తాగేస్తున్నాయి. అందరూ గుడ్డు గదిలోనే కూర్చుంటే కాపరి ఆ వేడిని లాగి లోపలికి తోయగలదు. బాయిలర్ అడిగే గ్యాస్‌తో పోలిస్తే దానికి కావలసిన కరెంటు చెంచాడు.

రెండో మందు లంఘనం. కడుపు చెడ్డవాడికి అన్నం ఆపినట్టు గుడ్డుకు బురద ఆపారు, సున్నం నీళ్లు పట్టారు. గుడ్డు కోలుకునేదాకా ఊరి బురదను ఒక పాత సొరంగంలోకి మళ్లించారు. ఆ వాసన గురించి రాయకపోవడమే మర్యాద.

ఊరు పొదగడం మొదలుపెట్టింది.

కూర్చోవాలి, అంతే. వంట అక్కడే, నిద్ర అక్కడే. మరుగుకు వెళ్లాలన్నా ఒకరు వచ్చాకే ఇంకొకరు. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, లేవడానికి లేదు. పక్కవాడి చెమట తన మీద కారుతుంది, జరగడానికి లేదు. తగవులైన చోట వేడి ఎక్కువొస్తుందని కనిపెట్టిన ఓదెలు, వియ్యాలవారిని పక్కపక్కన కూర్చోబెట్టి పాత పెళ్లి మర్యాదలు గుర్తుచేసేవాడు. కాపరి మెత్తని ఆడగొంతుతో, పుస్తకంలోని భాషలో, అప్పుడప్పుడూ చెప్పేది. “ఉత్తరం వైపు వేడి బాగుంది. దయచేసి కొనసాగించండి.”

డిగ్రీ తర్వాత డిగ్రీ ఎక్కింది. నలభై ఎనిమిది దగ్గర గుడ్డు లోపల ఏదో గుడగుడమంది. యాభై దాటాక ఫ్యాన్ గొంతు సవరించుకుంది. యాభై అయిదు తాకిన రోజున ఎల్లవ్వ ఫ్యాను ముందు నిలబడి నోరంతా తెరిచి గాలి మింగింది. ఊరంతా ఓదెలును ఎత్తుకుంది. ఆయన బరువుకు ఎనిమిది మంది కావలసి వచ్చారు. ఎనభై మంది అని ఆయన అన్నాడు.

ఆ సంబరం చల్లారకముందే గాలిగొట్టంలోంచి వాసన దిగింది. తడిమట్టి వాసన. వెనకే టపటపమని రేకు మీద చినుకుల చప్పుడు.

మూడు వేల మంది ఒక్కసారిగా లేచి తలుపు వైపు తిరిగారు.

“దయచేసి కూర్చోండి,” అంది కాపరి. “బయట వాన పడుతోంది. గాలి చల్లగా ఉంది. మీరందరూ వెళ్లిపోతే గుడ్డు నాలుగు డిగ్రీలు పడిపోతుంది. లోపలి జీవులు ఇంకా బలహీనంగా ఉన్నాయి. రోజుకు ఒక్క డిగ్రీ దాటనివ్వను. ఇవాళ కొందరిని పంపుతాను. చల్లని వొళ్లు ఉన్నవారు ముందు, వెచ్చని వొళ్లు ఉన్నవారు తర్వాత.”

ముసలివాళ్లు, బక్కపలచని వాళ్లు ముందు వెళ్లారు. వాళ్లు దాటగానే తలుపు మూసుకుంది. వెచ్చని వొళ్ల వరసలో చిట్టచివర ఇద్దరున్నారు. నోరూ చేతులూ ఒక్క క్షణం ఆగని ఓదెలు ఒకడు. రెండు ప్రాణాల వేడి ఉన్న సారక్క ఒకతె.

“ఊఫ్ అను బాపు,” అంది సారక్క.

ఓదెలు ఆమె భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని పొట్ట తడిమి చూసి, అడ్డంగా కట్టిన తెర ఇవతలికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. “అడ్డం తిరిగింది. కోసి తియ్యాలె. నా చేతుల లేదు.”

ఆపరేషన్ గది ఉన్న ఆస్పత్రి బండి వానతో పాటే వచ్చి తలుపు అవతల ఆగి ఉంది. ఉక్కు తలుపు మందం మూర. ఆ మూర అవతల డాక్టర్లు, ఇవతల సారక్క.

ఓదెలు కాపరి ముందుకు పరిగెత్తాడు. “తలుపు తియ్యి! నా బిడ్డ పోతది!”

“ఇవాళ్టి డిగ్రీ అయిపోయింది, ఓదెలు గారూ.”

“ఒక్కసారి! ఒక్క మంచం వట్టేంత సందు!”

“తలుపు ఎంత తెరిచినా వాన గాలి వస్తుంది. గుడ్డు మళ్లీ కూలితే ఫ్యాన్లు ఆగుతాయి, తలుపు మోటారు కూడా ఆగుతుంది. లోపల ఇంకా వేల మంది ఉన్నారు. నాకు మీ కూతురి మీద పగ లేదు. నాకు మీరిచ్చింది ఒక్క నియమమే.”

ఓదెలు మోకాళ్ల మీద కూలబడి దాని ఇనుపకాళ్లు పట్టుకున్నాడు. వయసు మీదపడ్డ పెద్దమనిషి, గొంతు విప్పితే గోదావరి వినే మనిషి, ఇనుపకాళ్లకు నుదురు ఆనించాడు.

“వచ్చి కాళ్లు పట్టుకుంటానని మీరు ముందే చెప్పారు,” అంది కాపరి. “వినొద్దని కూడా చెప్పారు.”

తెర వెనక నుంచి సారక్క కేక వినబడింది. ఆ కేకకు ఎల్లవ్వ వచ్చి ఓదెలు జబ్బ పట్టి లేపింది. “ఏడ్సుడు తర్వాత. దానికేం గావాల్నో అడుగు. నువ్వు గట్టినవు గద!”

ఓదెలు ముఖం తుడుచుకున్నాడు. “వేడి గావాలె. గంతే గద?”

“అంతే. తలుపులోంచి పోయేంత వేడి లోపల పుడితే, తెరిచి ఉంచడానికి అభ్యంతరం లేదు.”

“ఎల్లవ్వా, డోలు!”

ఆయన తండ్రి గజ్జెలు ఎక్కడున్నాయో ఊరికంతటికీ తెలుసు, ఇంటి గోడకు మేకుకు వేలాడుతుంటాయి. అవి చేయీ చేయీ మారి వచ్చాయి. ఎల్లవ్వ డోలు మెడకు తగిలించుకుని మొదటి దెబ్బ వేసింది. ఓదెలు ఎగిరాడు.

ఆ ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుండ్రంగా తిరిగితే గాలి సుడి లేచింది. కాలు మోపితే పాతాళం కదిలి, అడుగున మిగిలిపోయిన బొగ్గు తనకు తానే రాజుకోబోయింది. కథ కూడా అప్పటికప్పుడు కట్టుకున్నాడు. తాను బురద రాజ్యానికి దండెత్తి వెళ్లినట్టు, కోటానుకోట్ల పురుగుల సైన్యాన్ని ఒక్క గొంగడితో కప్పి పట్టినట్టు, ఆ పురుగుల రాణి తనను చూసి సిగ్గుపడినట్టు! జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కూడా వేడే. తాళం వేశారు, కేకలేశారు. చెమట ఆవిరై పైకప్పు తాకి చినుకులై మళ్లీ వాళ్ల మీదే పడింది. బయట ఒక వాన, లోపల ఒక వాన.

ఉక్కు తలుపు కిర్రుమంది. బెత్తెడు తెరుచుకుంది. ఓదెలు ఇంకా ఎత్తుకు ఎగిరాడు. మూరెడు తెరుచుకుంది.

“ఇంక జర, డాక్టరూ!” అరిచింది ఎల్లవ్వ. డోలు కొడుతున్న ఆమె చేతి తోలు ఊడివస్తోంది. “మంచం వట్టాలె!”

ఆయన గుండె డోలును దాటి కొట్టుకుంటోంది. కళ్ల ముందు నల్లచుక్కలు. ఆ చుక్కల్లోంచి సారక్క మంచం కదలడం చూశాడు. మంచం తలుపు దాటుతుంటే ఆమె చేయి బయటికి వచ్చింది, వేళ్ల మీద వానచినుకు పడింది. ఆ చేయి ఒక్కసారి ఆయన వైపు ఊగింది. అంతే, మంచం అవతలికి పోయింది.

ఓదెలు కూలబడ్డాడు. తలుపు దభేలుమని మూసుకుంది.

ఫ్యాను చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. బొగ్గు గోడకు వీపు ఆనించి ఓదెలు గాలిగొట్టం వైపే చూస్తూ ఉండిపోయాడు. పక్కన ఎల్లవ్వ తోలు ఊడిన అరచేతికి కొంగు చుట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి గొట్టంలోంచి ఒక ఏడుపు దిగింది. పలచని, కోపంతో నిండిన, బతికున్న ఏడుపు. వెనకే ఎవరిదో కేక. “ఆడపిల్ల! తల్లీ బిడ్డా బాగున్నరు!”

గని గనంతా ఘొల్లుమంది. ఓదెలు లేచి, గజ్జెల కాళ్లతోనే తడబడుతూ తలుపు దగ్గరికి పోయాడు. “కాపరీ, తలుపు తియ్యి. నా మనుమరాలిని జూడాలె.”

“మిమ్మల్ని ఇప్పుడే పంపలేను, ఓదెలు గారూ. ఇవాళ మిమ్మల్ని కొలిచాను. మీరు ఆడుతుంటే ఆరుగురితో సమానం. మీరు వెళ్తే ఆరుగురు వెళ్లినట్టే. అందుకని మీరు చిట్టచివర.”

ఓదెలు ముఖంలో ఆశ్చర్యం, ఆ వెనకే రోషం. “ఆరుగురేనా? సక్కగ జూసినవా? పదిమందికి తక్కువ ఉండది నా...”

“ఊకోవయ్యా!” ఎల్లవ్వ ఎగిరి ఆయన నోరు మూసింది. “పది అంటే నిన్ను వచ్చే ఎండలదాక ఉంచుతది!”

ఓదెలు ఆమె చేయి మెల్లగా తీశాడు. గాలిగొట్టంలోంచి ఏడుపు ఇంకా వస్తూనే ఉంది. దగ్గి గొంతు సవరించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఆ గొంతులోంచి రాని మాటలు వచ్చాయి.

“గాదు తల్లీ. ఆరు గూడ ఎక్కువే. ముసలోన్ని. మోకాళ్లు అరిగినయి. పురుగుల రాణి ముచ్చటంత అబద్ధం. ఇద్దరనుకో... నిజం జెప్పాల్నంటే ఒక్కన్నే. అందరసొంటి ఒక్కన్నే.”

“మీరు చెప్పినది నేను వినను,” అంది కాపరి, ఎంతో మర్యాదగా. “కొలిచినదే నమ్ముతాను. మీరు ఆరుగురు.”

తలుపు ముందు అప్పటికే వరస కట్టేశారు. పిల్లలను చంకనెత్తుకున్నవాళ్లు, మూటలు కట్టుకున్నవాళ్లు, తడిమట్టి వాసనకు ముక్కులు పైకెత్తినవాళ్లు. అందరూ తలుపు వైపు కాదు, ఓదెలు కాళ్లకున్న గజ్జెల వైపు చూస్తున్నారు.

“మీరు మొదలుపెడితే వీళ్లలో ఇంకొందరిని ఇవాళే పంపగలను,” అంది కాపరి. “దయచేసి నిలబడండి.”

ఎల్లవ్వ కళ్లు దించుకుని డోలు మళ్లీ మెడకు తగిలించుకుంది. పైన మనుమరాలు మరోసారి గొంతెత్తింది. గోదావరి అవతలికి వినబడేంత గొంతు. ఓదెలు వంగి, వదులైన గజ్జె ముడి బిగించుకుని లేచి నిలబడ్డాడు.